అచ్చులో పోసిన గుమ్మటం

హైదరాబాదు చరిత్ర చెప్పమంటే అందరూ రాళ్ల దగ్గరికే తీసుకుపోతారు. గోల్కొండ కోట, చార్మినారు, మక్కా మసీదు, పత్తర్‌గట్టి కమానులు. బడి పుస్తకాల్లో అవే బొమ్మలు, టూరిజం వాళ్ల కాలెండర్లలో అవే బొమ్మలు. సినిమాలో కథ హైదరాబాదుకు మారిందని చెప్పాలన్నా చార్మినారు చుట్టూ ఎగిరే పావురాలే దిక్కు. ఆ బొమ్మల పక్కన మమ్మల్ని కూడా నిలబెడతారు. షేర్వానీ తొడుక్కుని, పోయిన నవాబీని తలచుకుని నిట్టూర్చే మనుషులుగా. ఆ రాళ్ల తర్వాత మేం ఏ పనీ చెయ్యనట్టు, కొత్తది దేన్నీ ముట్టుకోనట్టు మాట్లాడతారు. "మీ వాళ్లే కదా కట్టించింది" అని మెచ్చుకునే వాళ్లూ, "మీ వాళ్లే కదా మమ్మల్ని ఏలింది" అని ఎత్తిపొడిచే వాళ్లూ వేలు చూపేది ఆ రాయివైపే.

అందుకే ఇప్పుడు రాయిని కాసేపు పక్కన పెడదాం. సిమెంటు, ఇసుక, కంకర, ఇనుప చువ్వలతో లేచిన ఒక కట్టడం గురించి చెప్పుకుందాం. రోజూ వేలమంది దాని కిందినుంచి మూటలతో, పిల్లలతో, టిఫిను డబ్బాలతో పరుగులు తీస్తారు. తలెత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. అది కాచిగూడ రైల్వే స్టేషను.

చూపుకు అది కూడా పాతకాలపు కోటలాగే ఉంటుంది. మధ్యలో గుమ్మటం, పక్కల గుమ్మటాలు, చిన్న చిన్న మినార్లు, కమానులు. తెలియని వాళ్లు చూస్తే మూడు వందల ఏళ్ల నాటిది అనుకుంటారు. కాని అది ఇరవయ్యో శతాబ్దపు బిడ్డ. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు 1914లో దానికి నక్షా గీశాడు. 1916లో స్టేషను నడక మొదలైంది. ఉలితో చెక్కిన రాళ్లను పేర్చి కట్టింది కాదది. ముందుగా అచ్చుల్లో పోసి గట్టిపరిచిన కాంక్రీటు ముక్కల్ని జోడించి లేపింది. మన దేశంలో ఆ పద్ధతిన లేచిన తొలి పెద్ద కట్టడాల్లో అదొకటి. ఈ సంగతి ఆ స్టేషనులో బండెక్కే వాళ్లలో ఎంతమందికి తెలుసు? మా పిల్లలకైనా చెప్పిన వాళ్లెవరు?

కంపెనీ గుమ్మం

స్టేషను అంటే ఇవాళ మనకు సర్కారు ఆఫీసు. ఆ రోజుల్లో అది ఒక కంపెనీ గుమ్మం. టిక్కెట్టు అమ్మేది కంపెనీ, సరుకు తూచి పావతి రాసేది కంపెనీ, లాభం లెక్క వేసుకునేదీ కంపెనీయే. ఆ మాటకొస్తే కాచిగూడ స్టేషను నగరంలోని పాత వ్యాపార భవనాల జాబితాలోకి రావాలి.

నిజాం రాజ్యంలోకి రైలు 1874లో వచ్చింది. బొంబాయి, మద్రాసుల మధ్య నడిచే లైను మీదున్న వాడి నుంచి సికింద్రాబాదు దాకా పట్టాలు వేశారు. ఆ తర్వాత 1883లో లండనులో ఒక కంపెనీ పుట్టింది. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే అని దాని పేరు. ఆ పేరులో ఉన్న గ్యారంటీ ఎవరికో గమనించండి. రైలెక్కే వాడికి కాదు. లండనులో వాటాలు కొన్న వాడికి. పెట్టిన పెట్టుబడి మీద నూటికి అయిదు చొప్పున ఇరవై ఏళ్ల పాటు వడ్డీ వస్తుందని నిజాం సర్కారు హామీ పడింది. లైను మీద అంత రాబడి రాకపోతే తక్కువ పడింది ఖజానా నుంచి పోవాలి. ఖజానా అంటే ఎవరిది? మరాఠ్వాడాలో పత్తి పండించినవాడిది, తెలంగాణలో ఆముదాలు పండించినవాడిది. వాళ్లలో హిందువూ ఉన్నాడు, ముసల్మానూ ఉన్నాడు.

ఆ ఒప్పందాన్ని అందరూ నోరు మూసుకుని ఒప్పుకోలేదు. చాందా దాకా రైలు వేసే ఆ పథకం వివరాలు ప్రజలకు చెప్పాలని 1883లో హైదరాబాదులో చదువుకున్న వాళ్లు గొంతెత్తారు. ఆ పనిలో ముందు నిలిచింది ఇద్దరు. ఒకరు బెంగాలు నుంచి వచ్చి ఇక్కడ చదువులు నిలబెట్టిన అఘోరనాథ్ చటోపాధ్యాయ. సరోజినీ నాయుడు తండ్రి. ఇంకొకరు ముల్లా అబ్దుల్ ఖయ్యూం. ఫలితంగా అఘోరనాథ్‌ను నగరం నుంచి వెళ్లగొట్టారు. ఈ నగరంలో ప్రజల సొమ్ముకు లెక్క చెప్పమని సాగిన తొలి ఆందోళనల్లో అదొకటి. రైలు పట్టాల కోసం, పారదర్శకత కోసం ఒక బెంగాలీ బ్రాహ్మణుడు, ఒక ముల్లా పక్కపక్కన నిలబడ్డారు. హైదరాబాదు ముసల్మాను అంటే నవాబు వెనక చేతులు కట్టుకుని నిలబడ్డవాడేనని అనుకునే వాళ్లు ఈ 1883ను ఒకసారి గుర్తు చేసుకోవాలి. నవాబును లెక్క అడిగినవాడు కూడా మావాడే.

కంపెనీ లైన్లు పెరుగుతూ పోయాయి. 1889 నాటికి బెజవాడ దాకా పెద్ద లైను పడింది. సింగరేణి బొగ్గు కదిలింది. 1900 ప్రాంతంలో నాందేడు, ఔరంగాబాదుల మీదుగా మన్మాడు దాకా గోదావరి లోయ లైను వచ్చింది. అది చిన్న గేజి, మీటరు గేజి. 1907లో నాంపల్లి స్టేషను తెరిచారు. 1916లో మహబూబ్‌నగరు వైపు మీటరు గేజి సాగింది, దానితో కాచిగూడ తెరుచుకుంది. రాజ్యంలో ఒక కొసన పత్తి, ఇంకో కొసన ఎండిన పాలమూరు పల్లెలు. రెండింటినీ నగరానికి కుట్టిన దారం ఆ మీటరు గేజి. ఆ దారానికి వేసిన ముడి కాచిగూడ.

నిజాం సర్కారు 1930లో ఆ కంపెనీ చేతుల్లోంచి రైల్వేను కొనేసింది. 1950లో అది భారత రైల్వేలో కలిసింది. 1966లో దక్షిణ మధ్య రైల్వే పుట్టాక దాని కిందికి వచ్చింది. బోర్డులు మారాయి, జెండాలు మారాయి, గుమ్మటం అక్కడే ఉంది.

సున్నం నుంచి సిమెంటుకు

కాంక్రీటు ఈ ఊరికి రాకముందు ఇక్కడి కట్టడాలన్నీ సున్నం మీద నిలబడ్డవే. చార్మినారుకు బలం రాయిది, అందం గచ్చుది. సున్నాన్ని గానుగలో తిప్పి, నానబెట్టి, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం లాంటివి కలిపి డంగు సున్నం చేసేవాళ్లు. గోడ మీద అది ఆరకముందే పువ్వులు, తీగలు, జాలీలు తీర్చేవాళ్లు. ప్రతి పువ్వుకూ ఒక చెయ్యి ఉండేది. ఎడమ పక్కన తీర్చిన తీగ కుడి పక్క తీగలాగా అచ్చుగుద్దినట్టు ఉండదు. రెండు తీగల మధ్య మేస్త్రీ మధ్యాహ్నం తిన్న అన్నం ఉంటుంది, పొద్దుగూకే వేళ అలసట ఉంటుంది.

సిమెంటు ఆ లెక్కను మార్చేసింది. ఇనుప చువ్వలతో కాంక్రీటును కలపాలన్న ఆలోచనకు పేటెంటు తీసుకున్న తొలి వాళ్లలో ఒకడు ఇంజినీరు కూడా కాదు. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి. పూలకుండీలు పగిలిపోతున్నాయని సిమెంటులో ఇనుప తీగ అల్లి పోశాడు. 1867లో పేటెంటు పుచ్చుకున్నాడు. కాంక్రీటు బరువును మోస్తుంది కాని లాగితే చీలుతుంది. ఇనుము లాగినా తట్టుకుంటుంది. ఎండకు రెండూ ఇంచుమించు ఒకే తీరున సాగుతాయి కనుక ఒకదాన్నొకటి విడిచిపెట్టవు. 1892లో ఎన్నెబిక్ అనే ఇంకో ఫ్రెంచివాడు స్తంభాన్ని, దూలాన్ని, కప్పును ఒకే ఎముకల గూడుగా పోసే పద్ధతికి పేటెంటు తెచ్చాడు. 1903లో అమెరికాలోని సిన్సినాటి నగరం నడిబొడ్డున 16 అంతస్తుల ఇంగాల్స్ భవనం లేచింది. ప్రపంచంలో కాంక్రీటుతో కట్టిన తొలి ఆకాశహర్మ్యం అదే. దాన్ని కట్టించిన ఇంగాల్స్ కూడా రైల్వే కంపెనీ పెద్దే. చెక్కలు ఊడదీస్తే కూలిపోతుందని ఒక విలేఖరి రాత్రంతా మేలుకుని కాపు కాశాడని కథ చెప్పుకుంటారు. అది కూలలేదు.

ఇంగాల్స్ తర్వాత పదకొండేళ్లకే కాచిగూడకు నక్షా పడింది. అప్పుడు మన దేశంలో సిమెంటు అంటే ఓడలో దిగే సరుకు. 1914లో పోర్‌బందరు కర్మాగారం తీసిన సిమెంటు వెయ్యి టన్నులైనా లేదు. నిజాం రాజ్యంలో గుల్బర్గా జిల్లా షాబాదులో సిమెంటు కర్మాగారం వచ్చింది 1920లలో. షాబాదు పేరు తెలియని తెలంగాణ ఇల్లు లేదు. మా ఇళ్లలో పరిచిన నల్లటి, బూడిదరంగు బండలు అక్కడివే. వేసవి మధ్యాహ్నం మా అమ్మీలు నీళ్లు చల్లుకుని చెంప ఆనించి పడుకున్నది ఆ బండల మీదే. ఆ సున్నపురాయినే కాల్చి, పొడి చేస్తే సిమెంటయ్యింది. ఒకే రాయి పేదవాడి నేలా అయింది, నగరం కప్పూ అయింది.

అచ్చులో పోసే పద్ధతి సంగతి వేరు. మామూలు కాంక్రీటుకు చెక్కలు బిగించి ఉన్నచోటే పోస్తారు. దీనికి అట్లా కాదు. కమాను ముక్కకో, జాలీకో, మినారు తలకో ఒక అచ్చు చేస్తారు. దానిలో చువ్వలు పెట్టి, సిమెంటు, ఇసుక, కంకర తడిగా కలిపి పోస్తారు. గట్టిపడేదాకా రోజుల తరబడి నీళ్లు పడతారు. తర్వాత అచ్చు విప్పి, ముక్కను పైకెత్తి తన చోట కూర్చోబెడతారు. ఒక్క అచ్చుతో ఎన్ని ముక్కలైనా తియ్యవచ్చు. పని తొందరగా తెములుతుంది. కొలత తప్పదు. చెక్కే చేతి అవసరం తగ్గిపోతుంది. పోసే చెయ్యి, మోసే భుజం చాలు.

కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఒక చేతి పనికి గండం వస్తుంది. గచ్చు తీర్చిన మేస్త్రీల కొడుకులు తర్వాతి కాలంలో ఏమయ్యారని చరిత్రకారులు ఎవరూ పెద్దగా అడగలేదు. మేం మాత్రం మా బస్తీల్లో చూస్తూనే ఉన్నాం. సెంట్రింగు కొట్టేవాళ్లు, చువ్వలు వంచేవాళ్లు, వెల్డింగు చేసేవాళ్లు, రంగులు వేసేవాళ్లు. పని పేర్లు మారాయి, వేళ్ల మీది కాయలు మారలేదు.

ఎవరి గుమ్మటం?

ఇప్పుడు అసలు ప్రశ్న. అంత కొత్త సరుకుతో కడుతూ, రైలు లాంటి కొత్త పనికోసం కడుతూ, దానికి గుమ్మటాలు, మినార్లు ఎందుకు పెట్టినట్టు?

ఆ తీరుకు ఇంగ్లీషు వాళ్లు పెట్టిన పేరు ఇండో సారసెనిక్. సారసెన్ అంటే ముసల్మాను అని యూరపువాడు ఏనాడో అన్న మాట. మా నానమ్మలెవరూ ఆ మాట వినలేదు. మా మసీదులో ఏ మౌల్వీ సాబూ మమ్మల్ని ఆ పేరుతో పిలవలేదు. మేం తురకలం, సాయిబులం, దూదేకులం, ముసల్మానులం. సారసెన్‌లం ఎప్పుడూ కాదు. ఢిల్లీ నుంచి ఒక కమాను, ఆగ్రా నుంచి ఒక ఛత్రీ, బీజాపూరు నుంచి ఒక గుమ్మటం తీసుకుని, అన్నీ కలిపి, ఇదీ మీ తీరు అని దొరలు కాగితం మీద గీసి ఇచ్చారు. ఎష్ అంతకు ముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ పనులు చూసినవాడు. హైదరాబాదుకు వచ్చాక హైకోర్టు, ఇవాళ్టి సిటీ కాలేజి, ఉస్మానియా దవాఖానా కూడా అతనే గీశాడు. మూసీ 1908 వరదల్లో కొట్టుకుపోయిన నగరానికి కొత్త ముఖం ఇచ్చిన చెయ్యి అతనిది. ఆ పనిని మేం తక్కువ చెయ్యం. ఆ కట్టడాలు అందమైనవే. కాని ఆ ముఖం మా అద్దంలోంచి చూసి గీసింది కాదని మాత్రం చెప్పాలి.

ఇంకో సంగతి. మైసూరు వొడెయర్ల ప్యాలెసు 1912లో పూర్తయింది. గీసింది హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిషు ఆర్కిటెక్టు. దాని నెత్తిన కూడా గుమ్మటాలున్నాయి. 1892 నాటి మద్రాసు హైకోర్టు మీద గుమ్మటాలున్నాయి. 1908 నాటి ఎగ్మూరు స్టేషను మీద గుమ్మటాలున్నాయి. దసరా నాడు మైసూరు ప్యాలెసుకు లక్ష దీపాలు వెలిగితే అది కన్నడిగుల వైభవం అంటారు. ఎగ్మూరు స్టేషను మద్రాసు గుర్తు అంటారు. కాచిగూడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నవాబీ అవుతుంది, నిజాం జ్ఞాపకం అవుతుంది, ఇంకొంచెం గొంతు పెరిగితే బానిసత్వానికి గుర్తు అవుతుంది. ఒకే కాలం, ఒకే జాతి ఆర్కిటెక్టులు, ఒకే తీరు గుమ్మటం. కింద ఏ పేరుగల రాజు ఉన్నాడనే దాన్నిబట్టి గుమ్మటానికి మతం పుట్టింది.

మేం చెప్పేదొక్కటే. ఆ గుమ్మటం మా సొత్తని మేం మీసం మెలేయం. అది మా నేరమని తల కూడా దించం. అచ్చులో పోసిన గుమ్మటానికి ఇటు మక్కా వైపు చూపూ లేదు, అటు దండయాత్ర కత్తీ లేదు. అందులో ఉన్నది ఇంగ్లీషువాడి నక్షా, సున్నపురాయి కాల్చిన పొడి, మన వాగుల ఇసుక, మన గుట్టల కంకర, ఈ నేల కూలీల చెమట. దాన్ని వేరుచేసి ఇది హిందూ పాలు, ఇది ముస్లిం పాలు అని ఎవరైనా పంచగలిగితే పంచి చూపించండి. గట్టిపడ్డ కాంక్రీటులోంచి ఇసుకను వేరు చెయ్యడం ఎవరి తరమూ కాదు.

మనుషులనూ అచ్చుల్లో పోసే పని జరుగుతూనే ఉంది. ముసల్మాను అంటే ఇట్లా ఉంటాడని ఒక అచ్చు చేసి పెట్టారు. గడ్డం, కత్తి, నలుగురు పెళ్లాలు, పాతబస్తీ, పరాయి దేశం మీద ప్రేమ. పల్లెలో పీర్లు ఎత్తే సాయిబు, తెలుగు తప్ప ఇంకో మాట రాని దూదేకుల అవ్వ, బీడీలు చుట్టే పిల్ల, లారీ మెకానిక్కు ఆ అచ్చులో పట్టరు. పట్టని వాళ్లని చూసి "నువ్వు ముస్లింలా కనిపించవే" అంటారు. అచ్చు తప్పని మాత్రం ఒప్పుకోరు.

కింద నడిచిన మనుషులు

గుమ్మటాన్ని వదిలి కిందికి చూద్దాం. అక్కడే మా చరిత్ర ఉంది.

కాచిగూడ పేరు కాచీల నుంచి వచ్చిందంటారు. బుందేల్‌ఖండ్ వైపు నుంచి వచ్చి ఇక్కడ కూరగాయలు, తోటలు పెంచుకున్న జనం వాళ్లు. కాంక్రీటును కనిపెట్టిన వాళ్లలో తోటమాలి ఒకడైతే, కాంక్రీటు స్టేషను లేచింది తోటమాలుల ఊళ్లో. ఎక్కడినుంచో వచ్చి ఈ ఊరివాళ్లయిపోవడం ఇక్కడ ఒక్క మతానికి పరిమితమైన కథ కాదు. కాచీలు వచ్చారు, మార్వాడీలు వచ్చారు, కాయస్థులు వచ్చారు, అరబ్బులు వచ్చారు, కోస్తా నుంచి, సీమ నుంచి వచ్చారు. ఎప్పుడొచ్చావని అడిగేది మాత్రం ఒక్కరినే.

ఆ స్టేషనులో పర్దా పాటించే ఆడవాళ్లకు విడిగా చోటు ఉండేది. ఇవాళ అది చదివి కొందరు నవ్వుకోవచ్చు. కాని ఆ చోటును ఇంకో కంటితో చూడండి. గడప దాటని ఆడమనిషి బుర్ఖా వేసుకుని రైలెక్కి పుట్టింటికి పోగలిగింది, దర్గాకు పోగలిగింది, దవాఖానాకు రాగలిగింది. పర్దా ఆమెను లోపల పెట్టిందన్నది నిజమే. రైలు ఆమెను ఊరు దాటించిందన్నదీ నిజమే. రెండూ ఒకే కప్పు కింద జరిగాయి.

పాలమూరు లైను గురించి తెలంగాణ వాళ్లకు చెప్పనక్కరలేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ చెయ్యి ఉంటుందని సామెతలాగా చెప్పుకుంటారు. వానలు తప్పిన ఏడాది తట్టా బుట్టా, సత్తు గిన్నెలు, చంకలో పిల్లతో ఊళ్లకు ఊళ్లు కదిలేవి. వాళ్లు నగరంలో దిగింది ఈ గుమ్మటం కిందే. మాదిగ, బోయ, ముదిరాజు, సాయిబు, దూదేకుల. మేస్త్రీ ముందు అందరూ ఒకే వరస. ఈ నగరం ఆ తర్వాత కాంక్రీటు నగరమయింది. అపార్టుమెంట్లు, ఫ్లైఓవర్లు, గాజు తొడిగిన ఆఫీసులు. తొలి కాంక్రీటు గుమ్మటం కిందినుంచి నడిచి వచ్చిన వాళ్ల మనవలే వాటికి కంకర మోశారు. ఈ సంగతి ఏ శిలాఫలకం మీదా ఉండదు.

గోదావరి లోయ లైనుకు ఇంకో జ్ఞాపకం ఉంది. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 దాకా పోలీసు యాక్షను జరిగింది. అంతకు ముందు రజాకార్లు చేసిన దౌర్జన్యాలను మేం దాచం. వాటికి బలైన వాళ్లలో వాళ్లను ఎదిరించిన ముస్లిం కలం షోయబుల్లా ఖాన్ కూడా ఉన్నాడు. కాని యాక్షను తర్వాత పల్లెల్లో ముసల్మానుల మీద పడిన దెబ్బ గురించి దశాబ్దాల పాటు నోరెత్తనివ్వలేదు. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాలు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు అని రాసింది. ఆ నివేదిక 2013 దాకా మామూలు జనం చేతికి రాలేదు. నాందేడు లైను వచ్చి చేరేది ఇక్కడికి. ఆ ఏడాదీ, ఆ తర్వాతా పల్లె విడిచి నగరం చేరి మళ్లీ వెనక్కి పోని కుటుంబాలు మా బస్తీల్లో ఎన్నో. మా ఇళ్లలో పెద్దవాళ్లు కొన్ని ఊళ్ల పేర్లు తలవరు. అడిగితే మాట మారుస్తారు.

1956 నవంబరు 1న రాజ్యం మూడు ముక్కలయింది. మరాఠ్వాడా బొంబాయి వైపు, కన్నడ జిల్లాలు మైసూరు వైపు పోయాయి. మేనమామ ఔరంగాబాదులో, మేనకోడలు హైదరాబాదులో మిగిలారు. వాళ్లను కలిపి ఉంచింది మీటరు గేజి అజంతా ఎక్స్‌ప్రెస్సు. మన్మాడు దాకా రాత్రంతా ఊగుతూ పోయేది. ఇంకో బండి మీనాక్షి. పూర్ణా, ఖాండ్వా, అజ్మీరుల మీదుగా జైపూరు దాకా. ఉర్సు రోజుల్లో ఖాజా గరీబ్ నవాజ్ దగ్గరికి పోయే ముసల్మానులూ, రాజస్థానులో సొంత ఊళ్లకు పోయే మార్వాడీలూ ఒకే బోగీలో. ఒకరి డబ్బాలో రొట్టె, కీమా. ఇంకొకరి డబ్బాలో పూరీ, పచ్చడి. కిటికీ పక్క సీటు కోసం తగువు, ఆ తర్వాత మంచినీళ్ల కూజా పంచుకోవడం. 1990ల నుంచి విడతలు విడతలుగా ఆ లైన్లు పెద్ద గేజిగా మారుతూ వచ్చాయి. బండ్ల వేగం పెరిగింది. పాత దారుల మీది ఆ కలగలుపు మాత్రం ఏ టైంటేబులులోనూ నమోదు కాకుండానే పోయింది.

తుప్పు

కాంక్రీటు చిరంజీవి అని మొదట్లో అనుకున్నారు. నూరేళ్లు గడిచాక దాని ఆయువు తీరు తెలిసింది. సిమెంటు క్షారం లోపలి ఇనుమును కాపాడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలి, తేమ లోపలికి చొరబడి ఆ కాపలాను తినేస్తాయి. ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. పైన సున్నం వేస్తే కొన్నాళ్లు కనపడదు. లోపలి పని లోపల సాగుతూనే ఉంటుంది. దీన్ని బాగుచెయ్యడం రాయి కట్టడాన్ని బాగుచెయ్యడంకంటే వేరే విద్య. పెచ్చులు తీసి, చువ్వ దాకా పోయి, తుప్పు గీకి, పాత మిశ్రమానికి సరిపడే కొత్తది నింపాలి.

అయితే రాయికి ఉన్న గౌరవం కాంక్రీటుకు లేదు. పాత రాయిని వారసత్వం అంటారు. పాత కాంక్రీటును శిథిలం అంటారు. ఆ మాటకొస్తే ఈ నగరంలో రాయికైనా ఏ మేరకు దిక్కుంది? పాత కట్టడాలను కాపాడేందుకు 1995లో తెచ్చిన నిబంధనను 2015లో ఎత్తేశారు. 2017లో వారసత్వ చట్టం వచ్చింది. ఎష్ గీసిన ఉస్మానియా దవాఖానాను కూల్చాలని 2015లో ప్రతిపాదన వస్తే జనం రోడ్డెక్కారు. 2025 ఫిబ్రవరిలో సికింద్రాబాదు స్టేషను పాత ముఖభాగం కొత్త స్టేషను కోసం నేలమట్టమయింది. స్టేషన్లు పెరగొద్దని, బండ్లు పెరగొద్దని మేం అనడం లేదు. పాలమూరు నుంచి వచ్చే ఆడకూలీకి ఎస్కలేటరు, శుభ్రమైన మరుగుదొడ్డి కావాలి. అవి కావాలంటే గుమ్మటం పోవాల్సిందేనని చెప్పేవాడి మాటే మేం నమ్మం.

కాచిగూడను కాపాడమని అడగడంలో మాకు నిజాం మీద బెంగ లేదు. ఆయన ఆభరణాల లెక్కలు ఆయన వారసులు చూసుకుంటారు. ఒకే కట్టడంలో లండను కంపెనీ లాభం, ఖజానా హామీ, ఇంగ్లీషువాడి నక్షా, ఓడ సిమెంటు, దక్కను కూలి అన్నీ గడ్డకట్టి కనిపించే చోట్లు ఈ నగరంలో ఎక్కువ లేవు. ముసల్మాను చరిత్ర అంటే కోటలూ గోరీలేనని చెప్పే పుస్తకానికి జవాబుగా చూపడానికి ఇదొక పేజీ. కొత్త సరుకును, కొత్త యంత్రాన్ని, కొత్త ప్రయాణాన్ని మా పెద్దలు అందరితో కలిసే అందుకున్నారు. అందరితో కలిసే మోశారు, అందరితో కలిసే తుప్పు పడుతున్నారు.

తెలుగులో మేం అనే మాట ఉంది, మనం అనే మాట ఉంది. ఎదుటివాడిని బయట ఉంచితే మేం, లోపలికి తీసుకుంటే మనం. చాలా భాషలకు లేని ఈ వెసులుబాటు మన భాషకు ఉంది. ఈ వ్యాసమంతా మేం అనే రాశాం. నగరం చరిత్ర రాసినవాళ్లు మమ్మల్ని తమ మనంలో కలుపుకోలేదు కనుక. స్టేషను ముందు ఒక ఫలకం పెట్టి, దాని మీద రాజు పేరు, ఆర్కిటెక్టు పేరుతోపాటు అచ్చులు పోసిన వాళ్లు, తట్టలు మోసిన వాళ్లు, పట్టాలు వేసిన వాళ్లు అని ఒక్క వాక్యం తెలుగులో, ఉర్దూలో రాయండి. మరాఠీలో కూడా రాస్తే ఇంకా మంచిది, ఆ లైను అటునుంచే వచ్చింది కనుక. ఆ వాక్యం రాసిన రోజున మేం కూడా మనం అని రాస్తాం.